నాలుగో రోజు స్నానం

ముట్లు నిలిచిపోయిన పన్నెండేళ్లకు మా అత్త ఒక పొద్దున పెరటి తలుపు దగ్గరే ఆగిపోయి, "నన్ను తాకొద్దమ్మా, మళ్లీ ముట్టయినా" అంది సిగ్గుపడుతూ.

జమ్మలమడుగులో మాది పూజారుల ఇల్లు. మామ గుడిలో అర్చకుడు. ఇలాంటి కబురు వస్తే ఏం చేయాలో మా ఇంట్లో ఎవరూ చెప్పక్కర్లేదు. వరండా మూలలో చాప, వేరే కంచం, వేరే చెంబు, మూడు రోజులు. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి రావాలి. అరవై రెండేళ్ల మనిషి బుద్ధిగా వెళ్లి మూలన కూర్చుంది. వేముల ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన చుట్టమొకామె, "నీకు వయసు తిరిగొచ్చిందే!" అని ఆటపట్టించింది. అత్త మురిసిపోయింది కూడా.

"ఆస్పత్రికి పోదాం మామా" అన్నాను.

"పోదాంలే. మైలతో యాడికి పోతాం? నాలుగో దినం తలకు పోసుకోనీ."

నాలుగో రోజుకు రక్తం ఆగింది. "ఆగిపాయ గదా, ఇంకేం ఆస్పత్రి?" అన్నాడు మామ.

ఐదు నెలలు ఇదే తంతు. రక్తం కనబడితే మైల కాబట్టి కదలకూడదు, ఆగితే జబ్బు లేదు కాబట్టి కదలక్కర్లేదు. డాక్టరు దగ్గరికి పోదగ్గ రోజు మామ పంచాంగంలో ఒక్కటీ లేదు. మూడో నెల మా అమ్మాయీ అదే సమయానికి దూరం కూర్చుంది. అవ్వా మనవరాలూ చాప మీద అష్టాచెమ్మా ఆడుకుంటుంటే ఇంటిల్లిపాదీ నవ్వాం.

ఆరో నెలలో నాలుగో రోజు వచ్చింది, వెళ్లింది, రక్తం ఆగలేదు. పదో రోజున నాకు ఒళ్లు మండి, అత్త చేయి పట్టుకుని ఆటో ఎక్కించాను. మామ తగలకుండా డ్రైవరు పక్కన ఒదిగి కూర్చున్నాడు.

ప్రొద్దుటూరులో డాక్టరమ్మ కోప్పడింది. "ముట్లు నిలిచినాక ఒక్క చుక్క కనబడినా రావల్ల. ఇన్ని నెలలు ఏం జేస్తాండావమ్మా?"

"మూలన కూసుంటాండా" అంది అత్త, ఉన్నదున్నట్టు.

స్కానింగు చేశారు, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్. గోడలోకీ దిగింది. సంచీ, అండాశయాలూ తీసేసి రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు. ముందే వచ్చి ఉంటే ఆపరేషన్‌తోనే సరిపోయేదేమో అన్నారు.

"ఆపరేషన్ అయినాక ఎన్ని దినాలు మైల, డాక్టరమ్మా?" అన్నాడు మామ. ఆమె రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వేం పని జేస్తావమ్మా?" అంది నావైపు తిరిగి.

హైస్కూల్లో సైన్సు చెబుతాను. పదో తరగతికి గర్భాశయం బొమ్మ చూడకుండా గీస్తాను. ఆ మాట ఆవిడతో చెప్పలేక, ఇంటి దగ్గరే ఉంటానన్నాను.

అత్త బతికింది. సంచీ లేకుండా ఇంటికి వచ్చిన రోజు, గడప దాటకుండా వరండాలోనే నిలబడి మూలకేసి చూసింది.

"చాప యాడ పెట్టినావమ్మా?"

మామను అడగలేదు. నెలనెలా పరిచింది నేనే కాబట్టి, నన్నే అడిగింది.