ఉంగరపు వేలి మీద పుట్టుమచ్చ

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, తమిళ లెక్కన ఆడి నెలలో, మా మిల్లు నుంచి ఒక ఫిట్టర్ని తూర్పు ఆఫ్రికాలోని ఒక నూలు మిల్లుకి పంపే పని నా మీద పడింది. కోయంబత్తూరు శివారులో ఉన్న మా మిల్లు టైమాఫీసులో నేను గుమాస్తాని. హాజరు, సెలవులు, సర్వీసు రికార్డులు నా బల్ల మీదికే వచ్చేవి. నేను కాలేజీకి వెళ్లినవాణ్ణి కాను. లెక్కలూ నిబంధనలూ పని చేస్తూ నేర్చుకున్నవే. అప్పటిదాకా పాస్‌పోర్టుని చేత్తో పట్టుకుని చూసింది లేదు. కార్మికుల వ్యవహారాలు చూసే లేబర్ ఆఫీసరు ఫైలు నా ముందు పెట్టి, దారిలో ఎవరూ ఆపకుండా మనిషి అక్కడికి చేరాలి, దానికి ఏ కాగితాలు కావాలో నువ్వే చూసుకో, అన్నారు.

ఆ ఫిట్టరు పేరు దేవసగాయం. కార్డింగ్ యంత్రాలు అతని విభాగం. దూదిని దువ్వి పోగుగా తీసే యంత్రం అది. పెద్ద సిలిండరుకీ, దాని మీద కదిలే పళ్ల పట్టీలకీ మధ్య సందు పోస్టుకార్డు మందమే ఉంటుంది. ఆ సందుని గేజి అనే ఇనుప రేకుతో సరిచేయడాన్ని సెట్టింగ్ అంటారు. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. కానీ ఆ ఏడాది నూలు అమ్ముడుపోలేదు. మిల్లు ఒక షిఫ్టు ఆపేసింది. ఆడి తర్వాత వచ్చే ఆవణి నెల నుంచి లేఆఫ్‌లో ఇంట్లో కూర్చోవలసినవాళ్ల జాబితాలో అతని పేరు ఉంది. ఆఫ్రికా వెళ్తే ఏడాది పని. వెళ్లకపోతే మళ్లీ ఎప్పుడు పిలుపు వస్తుందో చెప్పేవాళ్లు లేరు.

పాస్‌పోర్టు కొత్తగా తీయనక్కర్లేదు. మూడేళ్ల కిందట ఇలాంటి ప్రయాణమే ఒకటి అనుకుని ఆగిపోయింది, అప్పుడు తీసినది ఉంది. అతన్ని ఎదురుగా నిలబెట్టి, ఒక్కొక్క వరుసా చదివి మనిషితో సరిచూశాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు పొల్లాచ్చి, అన్నీ సరిపోయాయి. చివర గుర్తింపు చిహ్నం అన్నచోట ఇలా ఉంది: ఎడమ చేతి ఉంగరపు వేలి మీద పుట్టుమచ్చ.

ఆ వేలు రెండేళ్ల కిందటే కార్డింగ్ యంత్రంలో పోయింది. మొదటి కణుపు మాత్రం మిగిలింది. ప్రమాదం సంగతి నాకు తెలుసు, ఆ కాగితాలు రాసింది నేనే. మచ్చ సంగతి మాత్రం అప్పుడే చూశాను.

"ఏంపా, ఈ మచ్చ చెప్పింది ఎవరు?" అన్నాను.

"ఇస్కూల్లో వాత్తియారు సార్," అన్నాడు. పంతుల్ని మా వైపు తెలుగు ఇళ్లల్లోనూ అలాగే అంటారు. "మచ్చ యాడుండాదిరా అని అడిగె. పిల్లకాయని, చెయ్యి సాపితిని. ఇస్కూలు సర్టిఫికెట్లో ఉండేదే పాస్‌పోర్టులోకి ఎక్కె. మొకాన ఒకటి ఉండింటే బాగుండు."

వేలు ప్రమాదంలో పోయిందని చెప్పే కాగితం ఒకటి ఉంది. ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు ఇచ్చిన అంగవైకల్యపు సర్టిఫికెట్. మచ్చ ఏమైందని ఎవరైనా అడిగితే దానికంటే మంచి జవాబు లేదు. అయితే ఆఫ్రికా మిల్లువాళ్లు రాసిన ఉత్తరంలో, అవయవాలన్నీ సరిగా ఉన్న ఫిట్టరు కావాలని ఉంది. మా మిల్లు డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ పనికి తగినవాడని మాత్రమే చెబుతుంది, వేలి మాట ఎత్తదు. బోర్డు కాగితం పెడితే అక్కడ పని పోవచ్చు. పెట్టకపోతే మద్రాసులో విమానం ఎక్కనివ్వకపోవచ్చు. పాస్‌పోర్టులో ఆ వరుస మార్పించడానికి వ్యవధి లేదు. లేబర్ ఆఫీసరుని అడిగితే, బోర్డు కాగితం ఇంట్లో పెట్టించు, ఎవడు చూస్తాడు, అన్నారు. చూడటానికే కదా ఆ వరుస రాశారని నాకు అనిపించింది. రోజంతా ఆ ఫైలు తిరగేయడంతోనే సరిపోయేది, మిగతా పని పేరుకుపోయి ఉండేది. వాదించే ఓపిక లేదు.

ఆదివారం మిల్లు లైను ఇళ్లకి వెళ్లాను. దేవసగాయం భార్య మరియమ్మ ట్రంకు పెట్టెలోంచి కాగితాలు తీసి చాప మీద పరిచింది.

"కాయిదాలు ఇన్ని ఉండాయి, వేలు ఒకటే లేదు," అంది. "ఈ మనిషిని ఇంట్లో వదిలేసి, కాయిదాల్ని పంపండి సార్. అవన్నా బాగుండాయి."

దేవసగాయం నవ్వలేదు. "ఈడ అడిగితే చూపిస్తా. ఆడ చూపియ్యను. అంతే కద సార్?" అన్నాడు.

నాకూ అంతకంటే మంచిది తోచలేదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, డాక్టరు సర్టిఫికెట్ సంచిలో పెట్టించాను. బోర్డు కాగితం చొక్కా లోపలి జేబులోకి వెళ్లింది.

తర్వాత జరిగినది అతను తిరిగి వచ్చాక చెప్పినదే. మద్రాసు విమానాశ్రయంలో అధికారి ఆ పేజీ చదివి, చెయ్యి చూపించమన్నాడు. చూసి, మచ్చ ఏదన్నాడు.

"ఆ వేలు మిల్లులో ఉండాది సార్, అని చెప్తిని," అన్నాడు దేవసగాయం. "ఆయన నవ్వలా."

దానికి రుజువేదని అడిగి, బోర్డు కాగితం తీసుకుని, నిదానంగా చదివి, ఆ పేజీకే గుండుసూదితో గుచ్చి, ముద్ర వేసి ఇచ్చాడు. అధికారి చేసినది సబబే. కానీ మేము జేబులో విడిగా దాచినది ఇప్పుడు పాస్‌పోర్టు ఎవరు తెరిచినా ముందు కనిపిస్తుంది.

విమానంలో దారి పొడుగునా అది ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని చెప్పాడు. "సూది పీకేది ఎంతసేపు సార్? పీకితే తూట్లు ఉంటాయి కద. ఆ తూట్లు ఏంటికని అడిగితే ఏ కాయిదం చూపించేది?" పీకలేదు.

అక్కడి మిల్లు మేనేజరు కాగితం చదివి, బస కూడా చూపించకుండా నేరుగా కార్డింగ్ విభాగానికి తీసుకెళ్లాడు. ఒక యంత్రం చూపించి సెట్టింగ్ చేయమన్నాడు. గేజి పట్టేది బొటనవేలూ చూపుడువేలూ. దేవసగాయం చేశాడు. మేనేజరు తన గేజితో పట్టీ పట్టీకీ చూసుకుని, సూదీ కాగితమూ అలాగే ఉన్న పాస్‌పోర్టు తిరిగి ఇచ్చాడు. అతను ఏడాదీ పని చేసి వచ్చాడు. మేనేజరు ఇంకోలా తలిస్తే మర్నాడే వెనక్కి పంపేవాడు. అలా జరిగి ఉంటే మా దగ్గర చేయడానికి ఏమీ ఉండేది కాదు.

తర్వాత మిల్లు నుంచి ఎవరు దేశం దాటినా నేను ఒక పద్ధతి పాటించాను. మనిషిని నిలబెట్టి కాగితంతో సరిచూడాలి. కాగితం రాసిన నాటికీ ఈ నాటికీ మనిషిలో ఏం మారిందో, దాన్ని చెప్పే కాగితం అన్నిటికన్నా పైన పెట్టాలి. ఒకచోట చూపించి ఇంకోచోట దాచే కాగితం ఏదో ఒకచోట బయటపడుతుంది. అందుకని పని పోయినా సరే, అది ఇక్కడే తేల్చుకుని బయల్దేరాలి. మిల్లు మూతపడి, వయసు మిగిలి ఉండగానే నేను ఉద్యోగ విరమణ చేసేదాకా అదే చేశాను.

పాస్‌పోర్టు గడువు ముగిశాక దేవసగాయం కొత్తదానికి దరఖాస్తు తెచ్చాడు. గుర్తింపు చిహ్నం దగ్గర, ఎడమ చేతి ఉంగరపు వేలికి పై రెండు కణుపులు లేవు, అని రాశాను. చదివి వినిపించమన్నాడు.

"ఈ గుర్తు ఇంక పోయేది కాదు సార్," అని సంతకం పెట్టాడు.