ఎడమకు తిరిగిన మెలి

మా మేనత్త పోయిందని గద్వాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది: "అక్కడ ఎవరన్నా వీడియో తీస్తుండ్రా?" మూడేళ్లుగా నాకీ రోగం పట్టుకుంది. గొంతు తగ్గించి జాలిగా మాట్లాడేవాళ్లెవరు ఎదురైనా ముందు వాళ్ల చేతిలో ఏముందో చూస్తాను.

అత్త చీరలకు కొంగు అతికేది. మగ్గం మీది నూలు పోగులకు కొంగు పట్టు పోగులను ఒక్కొక్కటిగా కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టేది. కబుర్లు ఆగేవి కావు, వేళ్లూ ఆగేవి కావు. "కన్నును నమ్మకు బిడ్డా, యేలు పెట్టి చూడు" అనేది. వంకాయలు కొన్నా, పెళ్లికొడుకును చూసినా అదే మాట. మేం నవ్వేవాళ్లం.

ఆమె ఒక్కగానొక్క కొడుకు మగ్గం వద్దని కొట్లాడి వనపర్తిలో బట్టల దుకాణంలో చేరాడు. తల్లీకొడుకులకు మాటల్లేవు. మూడేళ్ల కిందట, విడిపోయినవాళ్లను కలుపుతామనే టీవీ కార్యక్రమానికి రాసింది నేనే. అత్తను స్టూడియోకు తీసుకెళ్లిందీ నేనే. కార్యక్రమం నడిపే అమ్మాయి "అమ్మా, అమ్మా" అంటూ చేయి వదల్లేదు. అత్త కన్నీళ్లు ఆరితే కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. చివరికి ఎర్రచీర ఒకటి ఒళ్లో పెట్టి, "మీ అబ్బాయి మీకోసం మళ్లీ మగ్గమెక్కి నేశాడమ్మా" అంది.

అత్త మొహం వెలిగిపోయింది. కొంగు అతుకు మీద బొటనవేలు పోనిచ్చింది. అంతలోనే ఆ వెలుగు పోయింది.

"మావోనిది ఎడమచేతివాటం. వాని మెలి ఎడమకు తిరుగుతది. గిది వాడు చేసింది కాదు" అని చీరను నెట్టేసింది.

టీవీలో ఆ మాటలు రాలేదు. అత్త మొహం, నెట్టిన చేయి, వెనక ఏడుపు సంగీతం. అంతే. ఆ తర్వాత కొడుకు మా ఇద్దరి ఫోన్లూ ఎత్తలేదు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అంత్యక్రియలయ్యాక వాడు మగ్గం పక్కన నిలబడి అడిగాడు: "నేను నేసిన చీరను నెట్టేసింది గద బావా. అమ్మకు గంత కోపముండెనా?"

"నువ్వు నేసిందా? గా ఎర్రచీరనా?"

"ఎర్రదేంది? టీవీల చీర సక్కగ చూపియ్యనే లేదు. నేను దోస్తు మగ్గం మీద నేసి పంపింది బూడిదరంగుది."

స్టూడియో దీపాల వెలుగులో బూడిదరంగు కళ తప్పుతుందని చీరను మార్చేసి ఉంటారు. కార్యక్రమం వాళ్లకు ఫోన్ చేసి నిలదీశాను. తల్లి పోయిందని వినగానే అవతలి గొంతు మెత్తబడింది. "అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నారు సార్? కెమెరా ముందు మాట్లాడతారా?" పెట్టేశాను. నా వల్లే అత్త, తన కొడుకు నేసిన చీరను ముట్టుకోకుండానే పోయింది.

ఆ రోజు స్టూడియోలో ఎర్రచీర మెలి వాడిది కాదని అత్త వేలు కనిపెట్టిన సంగతి వాడికి చెప్పాను. మగ్గం మీద ఆమె సగం అతికి వదిలిన కొంగు ఉంది. మైలలో ముట్టొద్దని ఎవరో అంటున్నా వాడు కూర్చుని, చిప్పలోని బూడిద వేళ్లకు అద్దుకున్నాడు. అలవాటుకొద్దీ నేను చుట్టూ చూశాను. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. ఆమె మెలి ఆగిన పోగు పక్కన వాడి మెలి ఎడమకు తిరిగింది.