గుర్రం వెంట యుద్ధానికి

మా దళంలోకి తావెత్తి ఇంకినెన్‌ను ఎవరూ పిలవలేదు. ఫిన్లాండు సైన్యం పిలిచింది ఆయన గుర్రాన్ని. రష్యాతో యుద్ధం వస్తుందని మా కరేలియా ఊళ్ళలో బండిగుర్రాలను పోగుచేసినప్పుడు హిల్ప అనే ఆడగుర్రాన్నీ రాసుకున్నారు. చెప్పిన రోజున గుర్రం వచ్చింది. కళ్ళెం పట్టుకుని అరవై దాటిన ఈయనా వచ్చాడు.

"గుర్రాన్ని దింపావుగా, ఇక ఇంటికెళ్ళు" అన్నాడు సార్జంటు కుయ్‌స్మా.

"అది చూడిది బాబూ. వసంతంలో ఈనుతుంది. మా కొట్టంలోనే ఈనాలి. ఇచ్చేయండి, ఇప్పుడే పోతాం."

"చూడిదని పశువుల డాక్టరుకు చెప్పలేదా?"

"చెప్పా. తిండెక్కువైందన్నాడు."

"గుర్రం ఇప్పుడు సైన్యానిది."

"అయితే నేనూ సైన్యం మనిషినే."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. కుయ్‌స్మా రాజు కూడా కాదు. పైగా నిదానానికి పేరుపడ్డ హామె ప్రాంతంవాడు. ఆయన మాటకీ మాటకీ మధ్య చుట్ట కాల్చుకోవచ్చు. మా కరేలియావాళ్ళు ఊపిరి పీల్చడానికైనా మాట ఆపరు. తావెత్తి నిద్రలోనూ ఆపడు. అలా ఉండిపోయాడు.

నవంబరు చివర యుద్ధం వచ్చిపడింది. తెల్లారితే ఫిరంగులు మొదలు. గుడారంలో పొయ్యి రాజేస్తే పొగ చూసి విమానం వచ్చేది, రాజేయకపోతే చలి చంపేది. గడ్డకట్టిన రొట్టెను చంకలో పెట్టుకుని మెత్తబరిచేవాళ్ళం. రుచి గురించి అడక్కండి. కదలికలన్నీ మసకచీకటి పడ్డాకే. బఠానీల సూపు పీపాలను మంచుబండి మీద ముందు వరస కందకాలకు చేర్చడం తావెత్తి పని.

మంచులో కలిసిపోయేలా గుర్రాలకు తెల్లగుడ్డ కప్పాలన్నారు. గుడ్డ మాత్రం ఇవ్వలేదు. తావెత్తి ఇంటి నుంచి పెళ్ళినాటి దుప్పటి తెప్పించాడు. నాలుగు మూలలా ఎర్ర గులాబీలు!

"ఆ పువ్వులు ఊడదియ్యి. శత్రువుకు కనబడతాయి" అన్నాడు సార్జంటు.

"శత్రువైతే ఒక్కసారే చంపుతాడు బాబూ. మా ఆవిడ ఈడా కుట్టినవి ఊడదీస్తే అది రోజూ చంపుతుంది."

పువ్వుల మీద మంచు అద్ది సరిపెట్టాడు. హిల్ప ఒంటి వేడికి అది కాసేపట్లో కరిగిపోయేది.

ఫిబ్రవరిలో గడ్డకట్టిన సరస్సు మీదుగా వెనక్కి తగ్గమని ఉత్తర్వు వచ్చింది. ఒడ్డుకు రాగానే హిల్ప నిలబడిపోయింది. లాగినా కదల్లేదు, తోసినా కదల్లేదు. "మంచు పలచగా ఉన్నట్టుంది. గుర్రాలకు తెలుస్తుంది" అన్నాడెవడో. సార్జంటు ఆలోచించి, చుట్టూ తిరిగి పొమ్మన్నాడు. నడుముల్లోతు మంచులో పడుతూ లేస్తూ, హిల్ప తెలివిని పొగుడుతూ అవతలి ఒడ్డు చేరాం. చూస్తే అదే సరస్సు మీద లారీలు బారులు తీరి వస్తున్నాయి.

"మరి ఎందుకాగింది?" సార్జంటు పళ్ళు కొరికాడు.

"పొద్దున్న రొట్టె ముక్క పెట్టలేదని అలిగింది."

"ముందే ఏడవచ్చుగా!"

"మీరంతా దాన్నంతగా మెచ్చుకుంటుంటే నోరు రాలేదు బాబూ."

ఆ కోపంతో కుయ్‌స్మా ఎవరితోనూ మాట్లాడలేదట. మేమెవరమూ ఆ తేడా గమనించలేదు.

మార్చిలో సంధి కుదిరి ఫిరంగులు ఆగాయి. కొత్త సరిహద్దు ఎక్కడో సార్జంటు చదివి వినిపించాడు. మా ఊళ్ళన్నీ రష్యా వైపు పోయాయి. అక్కడి జనాన్ని అప్పటికే పడమటికి తరలిస్తున్నారు. ఈడా కూడా ఆవును తోలుకుని బయల్దేరిందని కబురొచ్చింది. సంధి చేసినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

కుయ్‌స్మా తావెత్తి దగ్గరికొచ్చి కళ్ళెం ఆయన చేతిలో పెట్టాడు.

"తీసుకుపో. పైవాళ్ళకు నేను చెప్పుకుంటా."

"ఎక్కడికి బాబూ?"



అందరం ఒకే దారిన నడిచాం. దారి రెండుగా చీలేచోట హిల్ప తూర్పుకు తిరిగింది. ఊరు అటే. నిండు పొట్టతో ఉండి కూడా చెవులు నిక్కించి వేగం పెంచింది. తావెత్తి మంచుబండి దిగి అడ్డంగా నిలబడ్డాడు.

"అటు కాదే తల్లీ. అది మనది కాదు."

అది తలతో ఆయన్ను పక్కకు నెట్టి మళ్ళీ అటే అడుగేసింది. తావెత్తి కోటు విప్పి దాని కళ్ళకు కట్టాడు. ఆ చలిలో ఒంటి చొక్కాతో, దాన్ని పడమటికి నడిపించుకుపోయాడు.