తినే వచ్చినం బిడ్డా

మా అవ్వ, అంటే అమ్మ, మోకాలు మార్పించుకుని ఇంటికి వచ్చాక నేను రోజుకు పదిసార్లయినా అన్న మాట ఒక్కటే: చేతులు కడుక్కోండి. చూడటానికి వచ్చినవాళ్లంతా దానికి ఒకే జవాబు చెప్పారు. "ఇప్పుడొద్దు బిడ్డా, తినే వచ్చినం."

మా నస్పూర్‌లోనే కాదు, మా చుట్టాలున్న ఏ ఊళ్లోనైనా, ఇంటికి వచ్చిన మనిషిని చేతులు కడుక్కోమన్నామంటే కంచం పెడుతున్నామని అర్థం. కాళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే గేటు పక్కన నల్లా దగ్గర మడమలు రుద్ది మరీ కడుక్కునేవారు. ఆ తడి కాళ్లతో, బస్సు కడ్డీలు పట్టుకుని వచ్చిన అవే చేతులతో, తిన్నగా అవ్వ మంచం దగ్గరికి నడిచేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ మోకాలు ఊరికే రాలేదు. షుగర్ తగ్గితేనే ఆపరేషన్ అని కరీంనగర్ డాక్టర్ అంటే, అవ్వ మూడు నెలలు అన్నం తగ్గించి జొన్నరొట్టెతో గడిపింది. పుచ్చిన పన్ను పీకించుకుంది. పంటిలో చీము కూడా రక్తంలో కలిసి మోకాలికి చేరొచ్చట. ఇంటికి పంపేరోజు డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "చీము పడితే గోలీలతోని పోతదనుకోకమ్మా. లోపల పెట్టినదాని దాకా పోయిందంటే మళ్ల కోసి, పెట్టింది తీసెయ్యాల్సి రావచ్చు. కుట్లు తీసేదాక కట్టు విప్పొద్దు, తడవొద్దు, ఎవ్వరూ ముట్టొద్దు." అవ్వకు అరవై ఎనిమిదేళ్లు. ఆమెను మళ్లీ ఆ బల్ల ఎక్కించే ధైర్యం నాకు లేదు.

కానీ మావాళ్ల లెక్కలో, చూడవచ్చి ముట్టకుండా పోతే అసలు వచ్చినట్టే కాదు. బ్రెడ్డు, పండ్లు కిటికీలో పెట్టి, మంచం అంచున కూర్చుని, "ఎన్ని కుట్లు పడ్డయక్కా" అంటుండగానే చెయ్యి మోకాలి మీదికి పోయేది. అవ్వేమైనా తక్కువ తిన్నదా? చీర జరిపి, ఊరేగింపులో దేవుణ్ణి చూపినట్టు చూపించేది. నేను తలుపు దగ్గర సబ్బు, మగ్గు పట్టుకుని నిలబడితే, "నీ బిడ్డ ఎప్పుడు డాక్టరయ్యింది" అని నవ్వేవారు. అవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

తొమ్మిదో రోజు చిన్నవ్వ వచ్చింది. అవ్వ చెల్లెలు, ఇచ్చోడలో ఉంటుంది. సంచి దింపకముందే చేతులు కడుక్కోమన్నాను.

"ఇచ్చోడల తినే బస్సెక్కిన బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు" అంది.

పొయ్యి మీద చాయ్ పొంగుతుంటే వంటింట్లోకి పోయాను. అంతసేపే. తిరిగి వచ్చేసరికి గదంతా కర్పూరం ఘాటు. ఆమె కొడుకు దుబాయ్ నుంచి పంపిన నొప్పుల తైలం సీసా మూత తీసి మంచం మీద ఉంది. కట్టు ఒక మూల లేచి ఉంది. దాని అంచు చుట్టూ చిన్నవ్వ మెల్లగా తైలం రాస్తోంది. అవ్వ హాయిగా కళ్లు మూసుకుని పడుకుంది.

"నీకు బుద్ధున్నదా చిన్నవ్వా? గీ మోకాలు కరాబ్ చేసెతందుకే గింత దూరం వచ్చినవా?"

చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. సీసాకు మూత పెట్టి సంచిలో వేసుకుంది. "గుంజుతున్నదన్నది బిడ్డా, గందుకే" అంది. చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

మర్నాడు పొద్దున చూస్తే కట్టు అంచున చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. కారు మాట్లాడుకుని కరీంనగర్ బయలుదేరాం. దారి పొడుగునా చిన్నవ్వను తిడుతూనే ఉన్నాను. డాక్టర్ చూసి, తైలానికి చర్మం కందిందే గానీ చీమేమీ లేదనీ, కొత్త కట్టు కట్టించుకుని వెళ్లమనీ చెప్పాడు. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు.

కట్లు కట్టే గదిలో ఒకతను పక్క మంచం మీది పెద్దాయన కాలి పుండు శుభ్రం చేస్తున్నాడు. ఆ పని ముగించాడు. ఫోన్ మోగితే అవే గ్లౌజులతో జేబులోంచి తీసి మాట్లాడి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. అవే గ్లౌజులతో అవ్వ వైపు తిరిగాడు. పది రోజులు సబ్బు పట్టుకుని కాపలా కాసిన నేను కళ్లారా చూశాను. చూసి కూడా నోరు తెరవలేదు. ఆసుపత్రి మనిషికి నేను చెప్పేదేమిటి, ఏమంటే ఎలా కసురుకుంటాడో అనిపించింది.

అవ్వ మోకాలి మీదికి దుప్పటి లాక్కుంది.

"చేతులు కడుక్కో బిడ్డా."

అతను నవ్వాడు. "ఇప్పుడే తిన్ననవ్వా."

"తినెతందుకు గాదు. నన్ను ముట్టెతందుకు."

అతను గ్లౌజులు తీసి బుట్టలో పడేసి, నల్లా విప్పి మోచేతుల దాకా కడుక్కున్నాడు. కొత్తవి వేసుకుని వచ్చి కట్టు కట్టాడు.

కారెక్కాక అవ్వ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీ చిన్నవ్వకు చెయ్యి" అంది.

"చేసి ఏం చెప్పాలె?"

"నిన్న దాని మీద గంతగనం ఒర్రితివి గదా. గా కట్టు కట్టినాయన మీద ఎందుకు ఒర్రలేదో అది చెప్పు."

ఫోన్ చేశాను. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోకముందే చిన్నవ్వ ఎత్తింది.

"తిన్నవా బిడ్డా?" అంది.