స్తంభమెక్కే మనిషికి తోలు ఒర

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చి, చేతిలో ఉన్న కటింగ్ ప్లయర్‌ని గడప పక్కన పెట్టి, దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆయన కరెంటు లైన్ల మీద పనిచేసే కాంట్రాక్టు లైన్‌మన్. మేం ఉండేది రాయగడలో. పని మాత్రం కొల్నార పల్లెల నుంచి కొరాపుట్ కొండల దాకా ఎక్కడ పడితే అక్కడ. బురదతో రావడం మామూలే గానీ కాళ్ళు కడుక్కోకుండా కూర్చోవడం ఆయన అలవాటు కాదు.

"ఏటయ్యింది?" అన్నాను.

"జారిపోనాది. పైనించి. కింద తాడు పట్టుకున్నోడి బుజం పక్కనించి ఎల్లి మట్టిలో దిగిపోనాది."

అలా జారడం అదే మొదలు కాదు. నడుముకు కట్టుకునే నైలాన్ సంచి అడుగు అరిగి చిల్లు పడుతుంది. కొత్తది కొన్నా కొన్నాళ్ళకి అదే తంతు. సూపర్‌వైజరు మంచి మనిషే, కానీ ఆ రోజు గట్టిగా చెప్పేశాడట: ఇంకొక్కసారి పనిముట్టు కింద పడితే స్తంభం ఎక్కనివ్వను, స్టోరులో కూర్చోబెడతాను అని. ఆయన మాటలో తప్పు లేదు. తోటి మనిషి తల మీద ఇనుము పడితే తర్వాత ఎవరేం చెప్పినా ఏం లాభం? కానీ స్తంభం ఎక్కడం తప్ప మా ఆయనకు మరో పని మీద మనసు లేదు. చీకటిపడ్డ ఊరికి వెలుగు తెప్పించి దిగి రావడమంటే ఆయనకు అదొక పరిచర్య. వానలకు ముందే మాచ్‌ఖండ్ వైపు కొండల్లో లైన్ పని మొదలవుతుంది. ఆ లోపల ఏదో ఒకటి చెయ్యాలి.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా ఆయన స్తోత్రం చెప్పింది ఒక్కదానికే, కింద తాడు పట్టుకున్న మనిషి భుజం కాస్త పక్కకి ఉన్నందుకు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి నా మనసులో ఒక మాట ఉంది. తోలుతో కుడితే?

ఫోనులో వెతికాను. హోల్‌స్టర్ అని వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో తుపాకులు పెట్టుకోవడానికి తోలు ఒరలు కుడుతున్నారు. తోలు కత్తిరించడం, చిల్లులు పొడవడం, తడిపి వస్తువు ఆకారానికి నొక్కడం. తుపాకీ బదులు ప్లయర్ అనుకుని అదే పనిగా చూశాను. మాతోనే ఉండే మా అమ్మ నా భుజం మీదుగా తొంగిచూసింది.

"తుపాకీ ఎవలికే?"

"తుపాకీ కాదమ్మా. మీ అల్లుడి ప్లయర్‌కి. తోలుతో ఒర కుడతాను."

అమ్మ మొహం మారిపోయింది. కారణం చెప్పాలి. అమ్మ తండ్రి విజయనగరం వైపు పల్లెలో తోలు పని చేసేవాడు. తంగేడు చెక్క వేసి తొట్టిలో తోళ్ళు ఊరబెట్టడం, చెప్పులు కుట్టడం. ఊరికి చెప్పులు కావాలి గానీ కుట్టిన మనిషి గుమ్మం ఎక్కకూడదు. అమ్మ పెళ్ళయ్యాక నాన్నతో రాయగడ వచ్చేసింది. నాన్న మున్సిపాలిటీలో చేరాడు, ఇద్దరూ ప్రభువును నమ్ముకున్నారు, నన్ను చదివించారు. తండ్రి పని గురించి అమ్మ ఎన్నడూ నోరెత్తేది కాదు.

"మీ నాన్న సీపురు పట్టేడు గానీ ఆరె ముట్టనేదు," అంది. ఆరె అంటే తోలుకు చిల్లు పొడిచే సూది పనిముట్టు. "నిన్ను సదివించింది మళ్ళా తోలు ముందర కూకోడానికా?"

నేను సండే స్కూల్ టీచర్ని. జవాబుకు వెతుక్కోనక్కర్లేదు. "ఆది దంపతులకి చర్మపు చొక్కాయిలు చేసి తొడిగింది ఎవలమ్మా? దేవుడే కదా. తోలు పని మొదలెట్టింది ఆయనే."

"దేవుడికి పక్కింటోళ్ళు నేరు గదే అమ్మీ!"

నాకు నవ్వు ఆగలేదు. అమ్మ నవ్వలేదు.

ఆ వారంలోనే కొరాపుట్‌లో స్త్రీల కూడిక పడింది. ప్రసంగం ప్రత్యక్ష గుడారం మీద, అదే, అరణ్యంలో దేవుడి కోసం వేసిన గుడారం. ఆ పాఠం నేను పిల్లలకు ఏటా చెబుతాను. రంగు కాగితాలు అతికించి గుడారం చేయిస్తాను, పైకప్పుకు ఎర్రరంగు వేసిన పొట్టేళ్ళ తోళ్ళు అని ఎర్ర కాగితం వేయిస్తాను. ఆ తోళ్ళు ఎవరో ఒకరు కూర్చుని కుట్టి ఉండాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఎవరి వేళ్ళకో సూది గుచ్చుకుని ఉంటుంది. ఆ వేళ్ళతో కుట్టిన కప్పు కిందికే కదా మహిమ దిగివచ్చింది! అక్కడ కూర్చుని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పక్కనున్నావిడ నేను కష్టంలో ఉన్నాననుకుని చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. అదీ మంచిదేననుకుని కాదనలేదు.

కూడిక అయ్యాక బజారుకెళ్ళి చెప్పుల అడుక్కి వేసే మందం తోలు ముక్క ఒకటి కొని, చుట్టచుట్టి సంచిలో బైబిలు పక్కనే పెట్టుకున్నాను. ఘాట్‌లో బస్సు మలుపులు తిరుగుతుంటే వాసన లేచింది. మా సంఘంలోని ఒక పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏటే ఈ వాసన?"

ఒక్క క్షణం అమ్మ మాట గుర్తొచ్చింది. "తోలండి," అన్నాను. "మా ఆయన ప్లయర్‌కి ఒర కుడుతున్నాను."

ఆవిడ తన చేతిలోని జిప్పు అట్ట బైబిలుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఓలమ్మ, ఇదీ అదే కంపు కొడతాంది. ఇన్నాళ్ళూ పరిశుద్ధత అనుకున్నాను!" అంది. బస్సంతా నవ్వులు.

రాయగడలో స్టేషను దారిలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు. ఇక్కడి కొండల ఒడియా యాస దేశియా, తెలుగు కలిపి మాట్లాడతాడు. ఆయన దగ్గరే ఒక ఆరె కొన్నాను. కుట్టు ఎలా వెయ్యాలో కూడా చూపించమన్నాను. "సూదులు రెండు నానీ," అన్నాడు. ఇక్కడ అక్కని అలా పిలుస్తారు. "ఒకటి అటునించి, ఒకటి ఇటునించి, ఒకే సిల్లులోంచి. ఒక దారం తెగినా రెండోది పట్టుకుంతాది." మా సంఘం పెళ్ళిళ్ళలో ప్రసంగాలన్నీ దాదాపు ఇదే చెబుతాయి. దారంలో చూడడం అదే మొదటిసారి. లేచి వచ్చేస్తుంటే ఇంకో మాట కూడా అన్నాడు: "బిగువుగా కుట్టు. సెప్పు ఎప్పుడూ బిగువుగానే ఉండాల. తర్వాత అదే సాగుతాది."

పాత కాగితం మీద ప్లయర్‌ని పడుకోబెట్టి చుట్టూ గీత గీశాను. తోలు కత్తిరించడానికి కూరగాయల కత్తి చాలలేదు, మా ఆయన వైర్లు ఒలిచే కత్తితో లాగాను. కుట్లు సమానంగా రావడానికి, పెళ్ళికి ఎవరో ఇచ్చిన ఫోర్కును అంచు వెంట నొక్కుకుంటూ పోతే పళ్ళ గుర్తులు పడ్డాయి. మా ఇంట్లో ఆ ఫోర్కు వాడింది అప్పుడే. సంతలో కొండవాళ్ళు అమ్మే తేనెమైనం దారానికి రాశాను. మొదటి చిల్లు పొడిచే ముందు కళ్ళు మూసుకుని, ప్రభువా ఆయన చెయ్యి ఖాళీగా ఉండనీ, కింద ఉన్న తలలు క్షేమంగా ఉండనీ అన్నాను. తర్వాత బొటనవేలు పొడుచుకున్నాను. ప్రార్థన చేసినంత మాత్రాన ఆరె మొన తిన్నగా పోదు.

అమ్మ ఆ పక్కకి రాలేదు. బియ్యం ఏరుతూ, నా వైపు చూడనట్టు చూస్తూ ఉండేది.

ఒర తయారైంది. పెద్దాయన చెప్పినట్టు చెప్పు బిగువున కుట్టాను. ప్లయర్ దూర్చడానికే రెండు చేతుల బలం పట్టింది. ఇంక పడే మాటే లేదని మురిసిపోయాను. మా ఆయన బెల్టుకు తగిలించుకుని, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఇంటి ముందు నిచ్చెన ఎక్కాడు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో ప్లయర్ లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. బెల్టు వచ్చింది, ప్లయర్ రాలేదు.

"ఇదేటే! ప్లయర్ రాదు గానీ పేంటు వొచ్చీసేలా గుంది!"

తలుపు వెనక నుంచి అమ్మ పకపకా నవ్వింది. "దిగిపో బావూ, దిగిపో, ఈది గుమ్మంలో జనాలున్నారు!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. పనిముట్టును జార్చే ఒర ప్రమాదమైతే, పట్టుకుని వదలని ఒర అంతకన్నా ప్రమాదం. పైన ఒంటిచేత్తో వేలాడే మనిషి పనిముట్టుతో పెనుగులాడకూడదు. మాచ్‌ఖండ్ ప్రయాణం దగ్గరకొచ్చేసింది. మెట్టు మీద కూర్చుని ఒరను ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. అంచు మీద బొటనవేలు నడిపింది. నేనేమీ అడక్కుండానే మాట్లాడింది.

"సెప్పులాగ కుట్టేవు. కాలికి ఏడి ఉంటాది, సెమటుంటాది, సెప్పు లొంగిపోతాది. ఇనుము దేనికి లొంగుతాది?"

"మరేటి సెయ్యాలమ్మా?"

"మీ తాత కల్లుగీత కత్తులకి ఒరలు కుట్టీవోడు. తాటిసెట్లు ఎక్కీవోళ్ళు వొచ్చి పట్టికెళ్ళీవోరు. వోళ్ళూ అంతే గదా, ఒక సెయ్యి సెట్టుకి, ఒక సెయ్యి కత్తికి."

నాకు ఊహ తెలిశాక అమ్మ నోట తాత పని ముచ్చట వినడం అదే మొదటిసారి.

"కుట్టీసి, నీళ్ళలో నానబెట్టీవోడు. కత్తికి గుడ్డ సుట్టి దూర్చీసి నీడని పడీసీవోడు. ఆరినాక గుడ్డ తీసీసీవోడు. గుడ్డ మందమెంతో సోటు అంత."

"ఎంత మందం?"

"నాకేటి తెల్సు? అప్పటికి నేను సిన్న గుంటని. తల్లకిందులు సేసి ఊపీవోడు, పడకూడదు. సేతి ఏళ్ళు రెండేసి లాగీవోడు, రావాల. అదొకటే గేపకం."

కొలత పోయింది, పరీక్ష మిగిలింది. మాకు అది చాలు. ఒరను గిన్నెలో నానబెట్టాం. ముందు మా ఆయన లుంగీ ముక్క చుట్టి ఆరబెట్టాం. వదులైంది, ఊపగానే ప్లయర్ చాప మీద పడింది. మళ్ళీ నానబెట్టి, వేళ్ళతో నొక్కి దగ్గరకు తెచ్చి, ఈసారి చేతిరుమాలు చుట్టాం. బిగిసింది. అమ్మ లోపలికెళ్ళి తన పాత చీర చెంగు చింపి తెచ్చింది. ఒరను మళ్ళీ నానబెట్టి తనే చుట్టింది, తనే దూర్చింది. తోలు ఇంకా మెత్తగా ఉండగానే బొటనవేళ్ళతో ప్లయర్ చుట్టూ అదుముతుంటే అవి అమ్మ వేళ్ళలా లేవు. నేనెన్నడూ చూడని మనిషి వేళ్ళలా ఉన్నాయి.

ఆరాక తీసి చూస్తే మూతి దగ్గర నల్లగా మచ్చ. గుడ్డ తడిలోంచి ఇనుము దిగి తోలును పట్టుకుంది. ఎంత తుడిచినా పోలేదు. "పాడైపోనాదమ్మా," అన్నాను.

"పాడు కాదే. ఇనుముకీ తంగేడుకీ అంతే, తగిల్తే నలుపు. మీ తాత తుప్పునీళ్ళు రాసి సెప్పులకి కావాలనే ఎక్కించీవోడు." తర్వాత ఒరను తలకిందులు చేసి ఊపింది. పడలేదు. మా ఆయన గ్లవ్స్ చెయ్యి చాపి రెండు వేళ్ళతో లాగాడు. వచ్చింది. ఆయన మళ్ళీ పెట్టాడు, మళ్ళీ లాగాడు. చిన్నపిల్లాడిలా పెడుతూ తీస్తూనే ఉన్నాడు. "స్తోత్రం ప్రభువా," అంది అమ్మ, గొంతు పెద్దగా పెంచకుండా.

అసలు పరీక్ష మా వీధిలోనే జరిగింది. గాలివానకు చివరి స్తంభం మీద వైరు తెగి వేలాడింది. మరుసటి ఉదయం లైను ఆపి, మా ఆయనా సూపర్‌వైజరూ వచ్చారు. నేను, అమ్మ మా గుమ్మం ముందు నిలబడ్డాం. ఆయన ఎక్కుతుంటే అమ్మ నా ముంజేయి పట్టుకుంది. స్తంభం తడిగా ఉంది. పైన అడ్డ ఇనుము దగ్గరికి వెళ్ళి, నడుముకు తాడు బిగించుకుని, చెయ్యి కిందికి పోనిచ్చాడు. చూడలేదు. ప్లయర్ చేతిలోకి వచ్చింది. వైరు తెంపాడు. మళ్ళీ చూడకుండానే ఒరలో దించాడు. తర్వాత అవతలి వైరు అందుకోవడానికి పక్కకి పూర్తిగా వాలాడు. ఒర తిరగబడి పిడులు నేలవైపుకు చూశాయి. కింద సూపర్‌వైజరు తలెత్తి చూస్తున్నాడు. అమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి.

పడలేదు.

ఆయన నిటారుగా లేచి, పని ముగించి, దిగాడు. అప్పుడు గానీ అమ్మ నా చెయ్యి వదల్లేదు. సూపర్‌వైజరు మా ఆయన నడుము దగ్గర వంగి, నల్లమచ్చతో సహా ఒరను తిప్పి చూశాడు.

"ఏ షాపులో తీసుకున్నావు?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా, ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి వింటుండగా, అమ్మే ముందుకు వెళ్ళింది.

"షాపు కాదు బావూ. మాయమ్మి కుట్టింది. పని మా నాన్నది."

"నాకూ టెస్టరుకి ఒకటి కుడతారా అమ్మా? మాచ్‌ఖండ్ ఎల్లేలోగా?"

అమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"నీది కుడి సెయ్యా, ఎడం సెయ్యా?" అంది.