సర్దుకున్నావా?

తల్లో తండ్రో పోయిన పిల్లలు ఎంతవరకు కోలుకున్నారో కొలవడానికి మూడేళ్ల కిందట ఏదో సంస్థ నుంచి మా బడికి ఇద్దరు వచ్చారు. మైపాడుకు కాస్త ఉత్తరాన, సముద్రం పక్కనే ఉన్న హైస్కూల్లో నేనప్పుడు తెలుగు టీచర్ని. వచ్చిన మేడం, ఆమె వెంట ఉన్న సారు తాగే నీళ్లు కూడా వెంట తెచ్చుకున్నారు. మా పిల్లల దుఃఖం తప్ప మా ఊరిది ఇంకేదీ వాళ్లకు అక్కర్లేదు.

వాళ్ల ఫారంలో ఇరవై ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన ఐదేసి బొమ్మ ముఖాలు. మొదటిది ఏడుస్తుంటుంది, ఐదోది పళ్లికిలిస్తుంటుంది. మొత్తం మార్కులు తక్కువ వచ్చిన పిల్లలతో వారం వారం ఒక మనిషి వచ్చి మాట్లాడతారట, ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతోనూ మాట్లాడతారట. ఎక్కువ వచ్చినవాళ్లు బాగుపడినట్టే. అంటే నలుగురిలో ఏడవడం చేతకాని పిల్లకు దిక్కు లేదన్నమాట. ఇంత తెలివి ఏ చదువులో నేర్పుతారో!

"మారిన పరిస్థితులకు అనుకూలనం చెందితివా?" అని ఉంది ఒక ప్రశ్న. ఆ తెలుగు చూసి నాకు ఒళ్లు మండింది. ఫారం వారం ముందే వచ్చింది, పిల్లలకు అర్థమయ్యేలా మార్చే పని హెడ్మాస్టరు గారు నాకు అప్పగించారు. ఎర్రసిరా పెన్ను తీసి, అదంతా కొట్టేసి, "సర్దుకున్నావా?" అని రాశాను. మేడం మెచ్చుకుంటే ఉబ్బిపోయాను కూడా.

వాళ్లు వచ్చిన శుక్రవారం ప్రశ్నలకు కూర్చోబెట్టిన వాళ్లలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె ఉంది. రెండు నెలల ముందు వాళ్ల నాన్న పడవ ఒడ్డు దగ్గరే అలల్లో తిరగబడింది, ఆయన బతకలేదు. చదువు మాన్పించి, దొరవారిసత్రంలో చంటిబిడ్డతో అవస్థపడుతున్న పిన్నమ్మ దగ్గరికి పంపాలని ఇంట్లో అనుకుంటున్నారు. "మా అమ్మతో ఒకసారి మాట్లాడండి టీచర్, నేను పది రాయాల" అని వారం ముందే నన్ను అడిగింది. మాట్లాడతాలే అన్నాను. ఆ వారమంతా ఫారానికి తెలుగు దిద్దుతూ కూర్చున్నాను.

ప్రశ్నలు చదివేది కూడా నేనే. "సర్దుకున్నావా?" అని అడిగాను.

"సర్దుకున్నా టీచర్. రెండు సంచులైనాయి" అంది.

చెప్పి నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. సారు ఐదో ముఖానికి టిక్కు పెట్టేశాడు. సంచులేమిటని మేడం అడిగితే, పిల్లలు ఏదో ఒకటి అంటుంటారు లెండి అన్నాను. నాకు అర్థం కాలేదని అందరితో చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. అర్థమైంది. ఇంకా ఆరుగురు పిల్లలు మిగిలి ఉన్నారు, నేను ఇంటికి పోయే నాలుగున్నర బస్సు తప్పితే నెల్లూరు చేరేసరికి చీకటి పడుతుంది. అందుకని తర్వాతి ప్రశ్న చదివాను.

నిద్ర పడుతోందా అంటే పడుతోంది అంది. అన్నం సయిస్తోందా అంటే ఆ అంది. అందరికన్నా ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి. "చాలా మంచి అడ్జస్ట్‌మెంట్" అంటూ మేడం ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. హెడ్మాస్టరు గారు తన ఘనతేదో తేలినట్టు బిస్కెట్లు తెప్పించారు. ఆ కొలతగాళ్లంటే నాకు ఇప్పటికీ రోతే. కానీ వాళ్లకు ఆ పిల్ల మాటకు అర్థం తెలియదు. నాకు తెలుసు.

సోమవారం ఆమె బడికి రాలేదు. సాయంత్రం బస్సు వదిలేసి వాళ్లింటికి వెళ్లాను. తల్లి వాకిట్లో ఎండుచేపలు బుట్టలోకి ఎత్తుతోంది. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, కూర్చోమంది.

"నిన్ననే పంపించేసినాం టీచరమ్మా" అంది. "మీరొచ్చి వద్దంటారేమోనని రెండు రోజులు చూసినా. టీచర్‌కి చెప్పినావా అని దాన్ని అడిగితే, చెప్పినా, ఆమె ఏమీ అనలేదు అనింది."