మైకక్క పడుకోబెట్టిన పందొమ్మిది

బస్టాండులో అందరూ ఆమెను మైకక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అక్కడే ఉండనీ.

ఆమె గదిలో ఒక కుర్చీ పడుతుంది. రెండో కుర్చీ వేస్తే తలుపు మూసుకోదు. ముందు అద్దం, అద్దం అవతల ప్రయాణికుల హాలు. బల్ల మీద ఒక మైకు, ఒక ముసలి కంప్యూటరు. ఆ కంప్యూటరులో ఏది కనిపిస్తే అది హాలు గోడకున్న పెద్ద తెర మీద కూడా కనిపిస్తుంది. బస్సుల వేళలు అందరూ చూడాలని అలా కలిపారు. మిగతావి కూడా అందరూ చూస్తారని ఎవరికీ తట్టలేదు.

పొద్దున ఆరింటికి ఆమె కంప్యూటరు ఆన్ చేస్తుంది. ముందు పేకాట వస్తుంది. దాని మీద రాశిఫలాలు. దాని మీద, మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది అని ఎర్రటి అక్షరాలు. దాని మీద, ఊడిన జుట్టును నెల రోజుల్లో మొలిపించే నూనె. అన్నిటికీ అడుగున, మొహం చాటేసినట్టు, బస్సుల వేళలు.

ఆమె ఒక్కోదాన్నీ మూస్తుంది.

"పో. నువ్వూ పో. నీకు వేరే చెప్పాలా?"

మైకు ఆన్‌లో ఉందో లేదో ఒక్కోసారి చూసుకోదు. హాలంతా వింటుంది. రిటైరైన మాస్టారొకాయన మాత్రం, "రాశిఫలం ఒక్క నిమిషం ఉంచమ్మా, ఇంకా తులారాశి రాలేదు" అని అరుస్తాడు.

ఇవేవీ ఆమె పెట్టినవి కావు. ఆమె భోజనానికి లేచినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒకటి తగిలించి పోయాడు. పేకాట బొంగురు గొంతు కండక్టరుది. రాశిఫలాలు టికెట్ల గుమాస్తావి. జుట్టు నూనె ఎవరిదో అడగనక్కర్లేదు. డిపో మొత్తానికి ఉన్నది ఒక్క బట్టతల. అది మేనేజరుది.

ఆ మేనేజరే ఒక బుధవారం వచ్చి అద్దం మీద కొట్టాడు.

"రేపు తొమ్మిదింటికి పెద్దాఫీసరు వస్తున్నాడు. ఆయన కళ్ల ముందు ఈ సంత కనబడిందా, మైకు నీకుండదు. రికార్డు చేసిన గొంతు పెట్టిస్తా. కాగితం కూడా తయారుగా ఉంది, ఆయన సంతకమే ఆలస్యం. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల గదిలో నువ్వు గొడుగులకు కాపలా కాద్దువుగాని."

"సంత నేను పెట్టానా సార్?"

"కుర్చీ నీదా, కాదా?"

"పొద్దున నాదే సార్. మధ్యాహ్నం ఎవరిదో..." అని ఆమె ఆయన తల వైపు చూసింది. ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

గొడుగులు ఆమె మాట వినవు. ఇంట్లోనూ అంతే. భర్త టీవీ వింటాడు. కూతురు చెవుల్లో ఎప్పుడూ వైర్లుంటాయి. ఇక్కడ మాత్రం ఆమె నోరు తెరిస్తే మూడు వందల తలలు పైకి లేస్తాయి. పదకొండేళ్లుగా లేస్తున్నాయి.

ఆ సాయంత్రం మరదలికి ఫోను చేసింది. తమ్ముడి భార్య. ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేస్తుంది.

"అవి వాటంతటవి రావు వదినా. కంప్యూటరు లేవగానే ఎవరెవర్ని లేపాలో దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు."

"రెండు చేతులూ పోతాయి కదే. ఫోను ఎక్కడ పెట్టను?"

"భుజం మీద. స్టార్టప్ అని ఉందా?"

"ఉంది. అమ్మో, పందొమ్మిది మంది!"

"అక్కర్లేని పేరు మీద మౌసు కుడి బటన్ నొక్కి డిసేబుల్ అను. తీసేయడం కాదు, పడుకోబెట్టడం. కావాలంటే మళ్లీ లేపుకోవచ్చు. తెలియనిదాన్ని మాత్రం ముట్టుకోకు."

"తెలిసింది ఇందులో ఒక్కటీ లేదే తల్లీ. అన్నీ అడ్డదిడ్డం అక్షరాలు."

మైకక్కకు పని సగంలో ఆపడం చేతకాదు. ఇల్లు ఊడ్చినా మంచం జరిపి ఊడుస్తుంది. పందొమ్మిదింటినీ పడుకోబెట్టి ఇంటికి వెళ్లింది.

మర్నాడు ఆరింటికి తెర నీలంగా, ఖాళీగా వచ్చింది. ఆమె మురిసిపోయింది, రెండు నిమిషాలు. ఆ తర్వాత చూసుకుంది. బస్సుల వేళలు కూడా రాలేదు.

పదకొండేళ్లలో వాటిని ఆమె ఒక్కసారీ తెరవలేదు. అవే వచ్చేవి. వాటి పేరేమిటో, ఎక్కడుంటాయో డిపోలో ఎవరికీ తెలియదు. మరదలు ఫోను ఎత్తలేదు. ఒక్కో పేరునే లేపి, కంప్యూటరు ఆపి, మళ్లీ ఆన్ చేసి చూసింది. అది లేవడానికి అరగంట. తొమ్మిదిలోగా ఐదు చూసింది. పేకాట, రాశిఫలాలు, ఎందుకున్నాయో తెలియని రెండు, జుట్టు నూనె. ఐదింటినీ మళ్లీ పడుకోబెట్టింది.

తొమ్మిదింటికి పెద్దాఫీసరు హాల్లోకి వచ్చాడు, పక్కన మేనేజరు. తెర ఖాళీ. మైకక్క మైకు దగ్గరికి లాక్కుంది. చూసి చదవడానికి ఏమీ లేదు. అద్దంలోంచి చూసిందే చెప్పింది.

"నాలుగో నంబరు తొమ్మిదీ పదికి అంటారు. తొమ్మిదిన్నరకు కదులుతుంది. డ్రైవరు ఇప్పుడే గడ్డానికి సబ్బు రాసుకున్నాడు. టీ తాగి రండి."

హాలు గొల్లుమంది.

"పన్నెండో నంబరు కోసం నిలబడ్డవాళ్లు కూర్చోండి. నిన్న వెళ్లిందే ఇంకా రాలేదు."

"తులారాశి ఏదమ్మా?" అని అరిచారు మాస్టారు.

"తులారాశికి ప్రయాణం ఆలస్యం మాస్టారూ. మీది పన్నెండో నంబరేగా!"

మేనేజరు టోపీ సర్దుకున్నాడు. ఆఫీసరు వాచీ చూసుకుని ఒక బెంచీ మీద కూర్చున్నాడు. సరిగ్గా తొమ్మిదిన్నరకు నాలుగో నంబరు కదిలింది. ఆయన మళ్లీ వాచీ చూసుకుని అద్దం దగ్గరికి వచ్చాడు.

"తెర మీద ఏమీ లేదేంటమ్మా?"

"పనికిరానివి ఆపబోయి వేళలు కూడా ఆపేశాను సార్. తప్పు నాదే."

ఆయన మేనేజరు వైపు తిరిగాడు.

"మీ రికార్డు గొంతయితే నాలుగో నంబరు ఎన్నింటికని చెబుతుంది?"

"తొమ్మిదీ పదికి సార్."

ఆఫీసరు కాగితం అడిగి తీసుకున్నాడు. సంతకం పెట్టలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

వేళలు మర్నాడు పదహారో పేరు దగ్గర దొరికాయి. ఆ పేరును ఆమె అట్టముక్క మీద రాసి గోడకు అంటించింది. మాస్టారు మూడు రోజులు అలిగాక రాశిఫలాలను కూడా లేపింది. మిగతావి నిద్రలోనే ఉన్నాయి, జుట్టు నూనెతో సహా. మేనేజరు మళ్లీ ఎప్పుడైనా గొడుగుల మాట ఎత్తితే దాన్ని లేపే సంగతి చూడొచ్చు. మరదలు చెప్పింది కదా, తీసేయడం కాదు, పడుకోబెట్టడమే.